తేటపడ్డ నీళ్లకు నేను పెట్టిన సంతకం

తేటగా ఉన్న నీళ్లంటే నాకు మొదటినుంచీ అనుమానమే. బురద నీళ్లు తమ సంగతి తామే చెప్పేస్తాయి. తేట నీళ్ల దగ్గరే ఆగాలి, అడగాలి. ఈ బుద్ధి నాకు బడిలో రాలేదు. ఐదో తరగతి తర్వాత నేను బడి మెట్లెక్కలేదు. టాటానగర్ లోకోషెడ్డులో ఆవిరి ఇంజన్లకు పోసే నీళ్లను పరీక్షించే చిన్న గది ఒకటి ఉండేది. అందులో సీసాలు కడిగే ఖలాసీగా చేరాను. కెమిస్టు గారు చదివి పక్కన పడేసిన పుస్తకాలను ఇంటికి తెచ్చుకుని, కూడబలుక్కుని, ఇంగ్లీషూ రసాయనాలూ ఒకేసారి నేర్చుకున్నాను. కొన్నేళ్లకు ఆయన సెలవు పెట్టిన రోజున పరీక్షలన్నీ నేనే చేసేవాణ్ణి. రిజిస్టరులో సంతకం మాత్రం మర్నాడు వచ్చి ఆయన పెట్టుకునేవాడు.

గాజు కుప్పెలో నీళ్లు పోసి రెండు చుక్కలు మందు వేస్తే, సోడా ఉన్న నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి. పైనుంచి ఆమ్లం చుక్కచుక్కగా వదులుతూ పోతే, ఏదో ఒక చుక్క దగ్గర రంగు మాయమవుతుంది. కొత్తగా చేరిన కుర్రాళ్లు దాన్ని చూసి నీళ్లు శుభ్రపడిపోయాయి అనేవారు. శుభ్రపడలేదు నాయనా, లోపలిది లోపలే ఉంది, నీ కంటికి కనబడటం మానేసింది, అంతే. ఎంతమందికి చెప్పానో ఈ మాట. చెప్పినవాణ్ణి నేనే కాబట్టి, తర్వాత చేసిన పనికి నాకు తెలియదు అనే సాకు కూడా లేదు.

మేముండేది బాగ్‌బేరాలో, రైల్వే యార్డు గోడకు ఇవతల. మా వరసలో పంతొమ్మిది ఇళ్లు, అన్నీ తెలుగువాళ్లవే. శ్రీకాకుళం, ఇచ్ఛాపురం వైపు నుంచి గ్యాంగు పనికి వచ్చిన మా నాన్నల తరం, డ్యూటీ దిగిన తర్వాత పట్టాల కింద రాళ్లు కుళ్లగించే గునపాలతోనే వరస మధ్యలో బావి తవ్వుకుంది. ఇప్పుడు కొందరికి ట్యాంకరు నీళ్లు అందుతాయి, కొందరు క్వార్టర్ల కుళాయిల నుంచి తెచ్చుకుంటారు. మా అల్లుడిది రైల్వే ఉద్యోగం కాబట్టి, మనవరాలు రోజూ తన స్కూటీ మీద రెండు డబ్బాల నీళ్లు తెచ్చి పడేస్తుంది. మోసుకొచ్చే మనిషి లేని ఇళ్లకు మాత్రం తాగడానికైనా వండుకోవడానికైనా ఆ బావే.

మా వరసలో ఒక అలవాటుంది. ఏ కాగితం వచ్చినా ముందు నేను చదవాలి, ముందు నేను సంతకం పెట్టాలి. ప్రావిడెంట్ ఫండు ఫారాల రోజుల నుంచి ఉన్నదే ఇది. నా సంతకం పైన కనబడితే కింద ఎవరూ చదవరు. దాన్ని ఇన్నాళ్లూ గౌరవం అనుకుంటూ వచ్చాను.

వరస చివర ఖాళీ స్థలంలో టెంట్‌హౌస్ అతను షెడ్డు వేశాడు. పెళ్లిళ్లకు కట్టే షామియానా గుడ్డలు ఎండకు వెలిసిపోతే, అక్కడ మళ్లీ రంగు వేస్తారు. అతను బయటివాడు కాడు. నాతో పనిచేసిన ఒక ఫైర్‌మన్ కొడుకు. చిన్నప్పుడు మా ఇంట్లో అన్నం తిని, మా గుమ్మంలో పడి నిద్రపోయినవాడు. నన్ను బాబాయ్ అని పిలుస్తాడు. షెడ్డు పెట్టిన దగ్గర్నుంచి మా కాలవకు రోజుకో రంగు వచ్చింది. ఒకరోజు ఎరుపు, మర్నాడు పసుపు, శుక్రవారం వచ్చేసరికి నీలం. ఆడవాళ్లు షెడ్డు ముందుకు వెళ్లి తిట్టారు. నేను మూడు చోట్లకు అర్జీలు రాశాను. ఏ అర్జీకి జవాబు వచ్చింది కనుక.

అర్జీలకు రాని జవాబు ఒకరోజు యంత్రం రూపంలో వచ్చింది. కాలవలో రంగు రావడం ఉన్నట్టుండి ఆగిపోయింది. అందరూ హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. ఆ రంగు ఎటు పోయింది అని నేను అడిగితే, పోయింది కదా, ఎటు పోతే మనకేం అన్నారు. వానలు వెళ్లి, చలికాలం కూడా సగం గడిచాక, అతను మా వరస మొత్తాన్నీ షెడ్డుకు పిలిచాడు. టెంట్‌హౌస్ కుర్చీలు వేయించి టీలు ఇప్పించాడు. రంగు తీసే యంత్రం అంటూ చూపించింది ఇదీ: ఏటవాలుగా పరిచిన పలకలు, వాటి మీద తెల్లటి పూత. నీలం నీళ్లను పంపు పైకి లాగి పలకల మీద పల్చగా పారిస్తుంది, కిందికి జారినవాటిని మళ్లీ పైకి లాగుతుంది. మబ్బు రోజులకని పైన ఊదారంగు ట్యూబులైట్లు కూడా ఉన్నాయి. ఆ రోజు ఎండ బాగా కాసింది. మధ్యాహ్నానికి నీలం పలచబడింది, మూడు గంటలకు గాజు గ్లాసులో పట్టి చూపిస్తే అచ్చం మంచినీళ్లే. జనం చప్పట్లు కొట్టారు.

"ఆ తెల్ల పూత ఏట్రా?" అని అడిగాను.

"సున్నం లాంటిదే బాబాయ్."

సున్నం ఎలా ఉంటుందో నాకు తెలుసు. లోకోషెడ్డులో నా అరచేతుల తోలు ఊడగొట్టింది సున్నమే. ఇది సున్నం కాదు. వాడికి తెలియక అన్నాడో, నాకు తెలియదని అన్నాడో అర్థం కాలేదు గానీ, ఆ ఒక్క మాటతో టీ చేదెక్కింది.

మా మనవరాలు కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి ఒక కాలేజీ ల్యాబులో పనిచేస్తోంది. సాయంత్రం నీళ్ల డబ్బాలు దించుతున్నప్పుడు దాన్ని ఆపి, ఆ తెల్ల పూత సంగతి చెప్పి, ఎండకు రంగు పోవడం నిజమేనా అని అడిగాను. నేను తెలుగులో అడిగితే హిందీలో జవాబివ్వడం దానికి చిన్నప్పటి అలవాటు. ఎక్కడో మధ్యలో నా మీద జాలిపడి తెలుగులోకి దిగుతుంది.

"ఝూట్ నహీఁ హై తాతా. సచ్‌మే హోతా హై." అబద్ధం కాదట, నిజంగానే జరుగుతుందట.

"ఏటి హోతా హై? ఎండ పోయి రంగుని కొరికేత్తాదేటి?"

"కొరుకుతుంది అనే అనుకో," అని గుమ్మం మీద కూర్చుంది.

ఆ పూతలో ఉన్న తెల్ల పొడి టైటానియం డయాక్సైడు అట. గోడల రంగుల్లో తెలుపు కోసం కలిపేది అదే. ఎండలో మన కంటికి కనబడని అతినీల కిరణం దాని మీద పడితే, లోపలి ఎలక్ట్రాన్ ఒకటి తన చోటు వదిలి ఎగురుతుంది. ఆ ఎగిరిందీ, అది వదిలిన ఖాళీ, రెండూ కలిసి నీటినీ గాలినీ రెచ్చగొట్టి, క్షణంలో పుట్టి క్షణంలో పోయే ముక్కల్ని తయారుచేస్తాయి. ఆ ముక్కలు తగిలిన రంగునల్లా చీల్చుకుంటూ పోతాయి. పొడి మాత్రం ఖర్చు కాదు, పక్కన నిలబడి పని చేయిస్తుంది. అలాంటిదాన్ని ఉత్ప్రేరకం అంటారని నా పాత పుస్తకాల్లోనే చదివాను. కానీ వెలుగుతో పనిచేసేది ఒకటుందని తెలియదు. నాలుగు రోజులు దాని నోట్సు ముందేసుకుని కూర్చున్నాను. నిజమే. అబద్ధం ఎక్కడా దొరకలేదు. నాలుగో రోజు సాయంత్రం మళ్లీ దాన్ని ఆపాను.

"అయితే విషం పోతాదన్నమాట."

"టైమ్ ఇస్తే పోతుంది. రంగు ముందు పోతుంది తాతా. అణువులో ఒక్క ముడి తెగితే చాలు, రంగు కనబడదు. మిగతా టుక్‌డే అలాగే ఉంటాయి. అవి కూడా పూర్తిగా తెగేదాకా తిప్పుతూనే ఉండాలి. కొన్ని ముక్కలు అసలు రంగు కన్నా ఖతర్‌నాక్."

"ఎంతసేపు తిప్పాల?"

"టెస్ట్ చేస్తేగానీ ఎవరూ చెప్పలేరు. ఆయన చేయించాడా?"

చేయించలేదని నాకు తెలుసు. మధ్యాహ్నం మూడింటికి తేటపడ్డాయి, మూడూ పదికి పంపు ఆపేశాడు. నేను గడియారం చూశాను.

వారం తిరగకుండా అతను కాగితం పట్టుకుని వచ్చాడు. షెడ్డు నీళ్లను శుద్ధి చేసి భూమిలోకి ఇంకించడానికి మా వరసకు అభ్యంతరం లేదని, అందరూ సంతకాలు పెట్టాలి. లైసెన్సుకు కావాలట. మా అరుగు దగ్గర అప్పటికే నలుగురైదుగురు ఆడవాళ్లు చేరారు.

"నువ్వు పెడితే అందరూ పెడతారు బాబాయ్."

"అందుకే నాను తొందరగా పెట్టను."

"నీ కంటితో నువ్వే సూసినావు గదా. తేటగా లేవేటి?"

"తేటగా ఉన్నాయనే నా అనుమానం."

"ఇదేటి లెక్క బాబాయ్. ఎర్రగా వదిల్తే తిట్టినారు. తెల్లగా వదిల్తే అనుమానమంటన్నారు. మరి నాను ఏ రంగులో వదలాలో మీరే సెప్పండి."

ఆడవాళ్లు పకపకా నవ్వారు. నాకూ నవ్వు వచ్చింది, మింగాను. ఒక సీసాడు తేట నీళ్లూ, ఇంకో సీసాడు శుద్ధి చేయని నీలం నీళ్లూ ఇమ్మన్నాను. తానే పట్టి ఇచ్చాడు. "తాగీకు, రుచి నాకూ తెలీదు," అని హాస్యమాడి వెళ్లిపోయాడు.

మనవరాలి కాలేజీలో పరీక్షలు జరుగుతున్నాయి, ల్యాబుకు తాళం. నాకు ఆగే ఓపిక లేదు. నా షుగరు కోసం మా ఆవిడ వారానికి రెండుసార్లు పెసలు నానబెట్టి మొలకలు కడుతుంది. ఆ డబ్బా చూడగానే ఆలోచన వచ్చింది. ఆఫీసరుకు నచ్చజెప్పవచ్చు గానీ గింజకు నచ్చజెప్పలేం. నీళ్లు బాగుంటే మొలుస్తుంది, లేకపోతే లేదు. మూడు గిన్నెలు తీశాను. ఒకదాంట్లో నీలం నీళ్లు, ఒకదాంట్లో తేట నీళ్లు, మూడోదాంట్లో సరిచూసుకోవడానికి మా బావి నీళ్లు. తలా ఇరవై పెసలు లెక్కపెట్టి, నానబెట్టి, పాత పంచె ముక్కల్లో చుట్టి, అవే నీళ్లతో తడుపుతూ కిటికీలో పెట్టాను. కాగితం మీద రాసుకున్నాను కూడా, ఏ గిన్నె ఏదో.

మూడో రోజు పొద్దున్నే విప్పాను. నీలం గిన్నెలో నాలుగు గింజలు పగిలాయి, ఒక్కదానికీ వేరు రాలేదు. తేట నీళ్లలో పంతొమ్మిది మొలిచాయి. బావి నీళ్లలోనూ పంతొమ్మిది. స్కేలు పెట్టి వేళ్లు కొలిచాను. రెండు గిన్నెలకూ తేడా లేదు. ఒకటికి రెండుసార్లు కొలిచాను. నిజం చెప్పాలంటే, తప్పు దొరకనందుకు కాస్త చిరాకే వేసింది. కానీ పరీక్ష పెట్టినవాడు ఫలితానికి తల ఒంచాలి కదా. షెడ్డు నీళ్లు మా బావి నీళ్లంత బాగున్నాయి. ఇంకేం కావాలి.

పొద్దున తొమ్మిదింటికి అతను వచ్చాడు. కాగితం పైన, మొట్టమొదట, నా సంతకం పెట్టాను. మధ్యాహ్నం భోజనాల వేళకు మిగతా పద్దెనిమిది ఇళ్లూ అయిపోయాయి. తాత పెసలేసి సూసినాడంట అని ఒకరికొకరు చెప్పుకున్నారు. అది విని నా ఛాతీ ఉబ్బింది, దాచడమెందుకు.

నేను అన్నం తిని చెయ్యి కడుక్కుంటుంటే మా ఆవిడ కిటికీ దగ్గర నిలబడి పిలిచింది.

"ఏటయ్యా, నీ పెసలేటి ఇలా గిడసబారిపోనాయి?"

"ఏ గిన్నెలోవి?"

"రెండు గిన్నెల్లోవీని. నా వాటిని సూడు."

అదే డబ్బాలోంచి, అదే రోజున, తన మామూలు మొలకలు కూడా కట్టింది. మనవరాలు తెచ్చే కుళాయి నీళ్లతో. మూట విప్పి నా గిన్నెల పక్కన పెట్టింది. ఆవిడ మొలకల వేళ్లు తెల్లగా, నిండుగా, నా వాటికి రెండింతలున్నాయి. నావి పొట్టిగా ఉన్నాయి, కొసలు గోధుమరంగుకు తిరిగాయి. పొద్దున ఆ కొసల్ని నేను చూడకపోలేదు. రెండు గిన్నెల్లోనూ ఒకేలా ఉన్నాయి కాబట్టి పెసలే అంత అనుకున్నాను.

"మూడు గిన్నెలు పెట్టినావు. నాలుగోది పెట్టలేదేటి?" అంది.

గోడకు చేరబడి నేల మీద కూర్చున్నాను. షెడ్డు నీళ్లు బావి నీళ్లంత బాగున్నాయని అనుకున్నానే, ఆ వాక్యాన్ని తిరగేసి చదవడం నాకు చేతకాలేదు. బావి నీళ్లు షెడ్డు నీళ్లంత చెడిపోయాయి. ప్రపంచంలో ఉన్న ప్రతి నీటి బొట్టునీ అనుమానించినవాణ్ణి, ఆ ఒక్క బావినీ అనుమానించలేదు. దాన్ని మా నాన్న తవ్వాడు గనక. ఈ వరసలో పుట్టినవాడెవడైనా మంచి నీళ్లకు కొలత కావాలంటే బావి దగ్గరికే వెళ్తాడు. నేనూ అదే చేశాను. అంతమాత్రానికి అంత చదువెందుకు.

కర్ర పట్టుకుని షెడ్డు వెనక్కి వెళ్లాను. ముందు వైపు వంద సార్లు చూశాను గానీ వెనక్కి ఎప్పుడూ పోలేదు. గోడ వారన కంకర నింపిన గుంత, అందులోకి ఒక పైపు. గుంత కొత్తది కాదు. చుట్టూ మట్టి కూరుకుని, అంచున నాచు పట్టి ఉంది. రంగు కలిపే పనివాణ్ణి అడిగితే, యంత్రం వచ్చిన రోజు నుంచీ నీళ్లు ఇందులోకే అని ఉన్నమాట చెప్పేశాడు. అక్కణ్ణించి బావిదాకా అడుగులు వేశాను. ముప్పై రెండు. చేయబోయే పనికి కాదు నేను సంతకం పెట్టింది. చేసేసిన పనికి.

ఆ సాయంత్రమే మనవరాలు నా మొలకల వేళ్లు చూసి, ఉప్పేమో అని తన కాలేజీ సారును అడిగి, ఉప్పు కొలిచే మందులు సీసాల్లో తెచ్చింది. నలభై ఏళ్ల తర్వాత మళ్లీ కుప్పె పట్టుకున్నాను. పని మరిచిపోలేదు. కుళాయి నీళ్లకు కొద్ది చుక్కలకే ఇటుకరంగు తిరిగింది. షెడ్డు తేట నీళ్లకు రంగు తిరిగేసరికి మందు గొట్టం సగం ఖాళీ అయింది. బావి నీళ్లకూ దాదాపు అంతే.

"నమక్," అంది మనవరాలు. "గుడ్డకు రంగు పట్టడానికి ఉప్పు వేస్తారు కదా తాతా. వెలుగు రంగును కోస్తుంది. ఉప్పును కోయలేదు. రంగు ముక్కలు ఎన్ని మిగిలాయో దీంతో తెలీదు. దానికి పెద్ద మిషన్ కావాలి."

షెడ్డు గుమ్మంలో ఉప్పు బస్తాలు నేను రోజూ చూస్తున్నవే. ఇంజన్ల నీళ్లలో ఉప్పు లెక్కగట్టి జీతం తీసుకున్నవాణ్ణి నేను. యంత్రాన్నీ, తెల్ల పూతనీ, అతని మాటల్నీ అనుమానించాను. కళ్లెదుట నిలువెత్తు పేర్చిన బస్తాలను మాత్రం వదిలేశాను.

మర్నాడు అతన్ని పట్టుకున్నాను. నా గొంతు ఎంత పెరిగిందంటే రోడ్డు మీద పోయేవాళ్లు ఆగారు.

"గుంత తవ్వి ఎన్నాళ్లయినాదిరా?"

"అరవకు బాబాయ్. రంగు గురించే గదా మీ గొడవ. రంగు తీసేసినాను. ఉప్పు గురించి ఎవరైనా అడిగినారేటి?"

"మా కాగితం మాకిచ్చీ."

"ఆఫీసులో ఇచ్చీనాను. నిన్ననే. నీ సంతకం సూసి ఆళ్లు మరేటీ అడగలేదు."

ఇకమీదట రెండు రోజులు ఎండలో తిప్పుతాను, ఉప్పు నీళ్లు డ్రమ్ముల్లో పట్టి వేరేచోటికి పంపిస్తాను అన్నాడు. ఏ చోటికి అంటే చెప్పడు. యంత్రం మంచిదే, ఆ సంగతి నేను ఇవాళ కూడా కాదనను. దాన్ని పట్టుకున్న చెయ్యే తొందరపడింది. దానికి తోడు నా చెయ్యి.

ఇంటికొచ్చి కొత్త కాగితం రాశాను. వెనకటి సంతకాలు తెలియక పెట్టినవి, వెనక్కి తీసుకుంటున్నాం, బావి నీళ్లను సర్కారు పరీక్ష చేయించాలి అని. పైన సంతకం పెట్టి ఇంటింటికీ బయల్దేరాను. ఈసారి ఎవరూ గబగబా పెట్టలేదు. నిన్న పెట్టమన్నావు, ఇప్పుడు తియ్యమంటన్నావు, రెండింటి మధ్యనా ఎవరొచ్చినారు నీ దగ్గరికి అని ఒకాయన అడిగాడు. టెంట్‌హౌసోడితో పడలేదేటి తాతా అని ఇంకొకరు. అడగనీ. నా స్థానంలో వాళ్లుంటే నేనూ అదే అడిగేవాణ్ణి. బావి నీళ్లు తాగొద్దని ప్రతి గుమ్మంలో చెప్పాను. మా నాన్న తవ్విన బావి గురించి ఆ మాటను మొదటి రెండిళ్ల దగ్గర నేల చూస్తూ చెప్పాను.

ఆఖరి ఇల్లు వదినది. సొంత వదిన కాదు, నాతోపాటు పెరిగిన గ్యాంగ్‌మన్ భార్య. నాకన్నా పెద్దది, ఒంటరి మనిషి. కుళాయి నీళ్లు మోసే బలం లేదు, ట్యాంకరు దగ్గర తోసుకునే శక్తి లేదు. కాగితం ఏమిటో చెప్పాను. పెసల సంగతి, ఉప్పు సంగతి అన్నీ చెప్పాను. ఆమె చివరిదాకా విన్నది.

"నీళ్లు ఉప్పగా తిరిగినాయని దసరా నుంచీ సెప్తన్నాను బాబూ."

"ఎవరికి సెప్పినావు వదినా?"

"బావి కాడ అందరికీని. మీ ఇంటోళ్లు బావి కాడికి రారు గదా, మీకెలాగ తెలుత్తాది." చెంగుతో చేతులు తుడుచుకుంది. "పెసల్ని అడిగినావు. మనవరాల్ని అడిగినావు. రోజూ తాగేదాన్ని, నన్ను ఒక్కమాట అడగలేదేటి?"

కాగితం చదవమంది. చదివాను. ఇంకోసారి చదవమంది. మళ్లీ చదివాను. దసరా నుంచి నీళ్లు ఉప్పగా ఉన్నాయి, తాగే మనిషి చెప్పింది, అని రాయమంది. ఆమె చెప్పినట్టే రాశాను. రాసింది చూపించమని, అక్షరాలు రాకపోయినా వేలిని ఆ వాక్యం కొసదాకా నడిపించింది. అప్పుడు వేలిముద్ర వేసింది.

"సరే. ఇప్పుడు సెప్పు. సాయంకాలం బియ్యం దేంతో కడగాల నాను?"

లేచి ఇంటికి వెళ్లి, ఆ రోజు మనవరాలు తెచ్చిన రెండు డబ్బాల్లో ఒకటి మోసుకొచ్చి ఆమె గుమ్మంలో దించాను. ఆమె మూత తీసింది. దోసిట్లో కాసిని పోసుకుని, వాసన చూసి, నాలుక మీద పెట్టుకుని చప్పరించింది. తర్వాత డబ్బా లోపలికి లాక్కుంది.